గొత్తికోయ గుంపులో మెడికల్ క్యాంప్ పెడితే ఏం మందులు తీసుకెళ్లాలి?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల వైపు గొత్తికోయ గుంపుల్లో (ఆదివాసీల చిన్న చిన్న గూడేల్లో) ఒకరోజు క్యాంప్ పెడతాం, ఏం మందులు కొనాలి అని అడిగారు కదా. ఆ వైపే ఒక హెల్త్ ప్రాజెక్ట్‌లో కొన్నేళ్లు తిరిగా కాబట్టి చెప్తున్నా, మందుల లిస్ట్ తర్వాత, మీరు వచ్చేశాక మళ్లీ అక్కడికి ఎవరెళ్తారో అది ముందు తేల్చుకోండి.

వీళ్లలో ఎక్కువమంది 2005లో సల్వాజుడుం (మావోయిస్టులకి వ్యతిరేకంగా నడిచిన సాయుధ ఉద్యమం) మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లో ఊళ్లు వదిలేసి వచ్చినోళ్లు, అడవిలోనే గుడిసెలేసుకున్నారు, ఇక్కడ చాలామందికి ఎస్టీ సర్టిఫికెట్ రాదు, బోరు లేని గుంపులో అయితే వాగులో చెలమ తీసి ఆ నీళ్లే తాగుతారు. మరి విరేచనాలు రాక ఏమవుతాయి? ఓఆర్ఎస్, జింక్ మాత్రలు పట్టుకెళ్లండి, బలం టానిక్కులు మాత్రం వద్దు బాబూ.

అసలు సంగతి మలేరియా. జ్వరం అనగానే పారాసెటమాల్ చేతిలో పెట్టి పంపించొద్దు, కిట్‌తో వేలి రక్తం చూడాలి, పావుగంటలో తెలిసిపోద్ది. ఫాల్సిపేరం రకం మలేరియా అయితే 3 రోజుల కోర్సు, వైవాక్స్ రకం అయితే ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు మింగాలి, మీ క్యాంప్ ఏమో ఒక్కరోజు! ఒకావిడ మొదటి డోసుకే పాప లేచి ఆడుకుంటోందని మిగతా మాత్రలు ప్యాకెట్‌తో సహా గుడిసె చూరులో దోపేసింది, మళ్లీ జ్వరమొస్తే పనికొస్తాయంట. ఆవిడ్ని ఏమంటాం, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) దాకా నడిచెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. పైగా ప్రైమాక్విన్ గర్భిణులకి, ఏడాది లోపు పిల్లలకి ఇవ్వకూడదు, అందుకే మలేరియా మందులు మీరు పంచకండి, ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సు ఏఎన్ఎంనీ కోయ భాష వచ్చిన ఆశా కార్యకర్తనీ వెంటబెట్టుకెళ్లండి, పాజిటివ్ వచ్చినోళ్ల పేర్లు వాళ్ల రిజిస్టర్‌లోకి ఎక్కాలి. మీ నోట్‌బుక్‌లో రాసుకుంటే ఎవడు చూస్తాడు?

అయిదేళ్ల లోపు పిల్లలకి దండ (మోచేతి పై భాగం) చుట్టుకొలత టేపు పెట్టించండి, ఆరు నెలలు దాటిన బిడ్డకి 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే తీవ్ర పోషకాహార లోపం కిందే లెక్క, బిస్కెట్లు ఇచ్చి రాకండి, పీహెచ్‌సీ డాక్టర్‌కి చూపించాలి.

ఇంకోటి, మిరప కోతల టైమ్‌లో గానీ ఇప్పపువ్వు ఏరే రోజుల్లో గానీ పొద్దున పదింటికి టెంట్ వేస్తే ముసలోళ్లు, పిల్లలే ఉంటారు. సాయంత్రం పెట్టుకోండి, లేదా గుంపు పెద్దని ముందే అడిగి ఆయన చెప్పిన రోజే వెళ్లండి.