పాత జీపు కొంటారా? ముందు హబ్బు తిప్పి చూడండి

"పదిహేనేళ్లు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొనవచ్చా? రిపేర్లు భరించగలమా? నేనుండేది విశాఖపట్నంలో" అని ఇక్కడ ఒకరు అడిగారు.

ఇందులో అసలు ముక్క చివరిదే. హైదరాబాద్‌లో ఉంటానని రాసుంటే "కొనుక్కోండి" అని ఒక్క మాట చెప్పి ఊరుకునేవాణ్ని.

నాది 2004 మోడల్ మారుతీ జిప్సీ జీపు. ఏపీ 31 నంబరు. 2011లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇల్లు లాసన్స్ బే కాలనీలో, బీచ్‌కి నాలుగు వీధుల ఇవతల. మా వైపు కిటికీ గ్రిల్లుకి రెండేళ్లు రంగు వేయకపోతే చేతికి ఊడొస్తుంది. గేటు గొళ్లెం, ఏసీ బయటి పెట్టె, సైకిల్ చైను, అన్నిటిదీ అదే గతి. ఆ ఉప్పుగాలిలో ఇనప బండి ఎన్నాళ్లుంటుంది? నన్నడిగితే ఈ ఊళ్లో బండి వయసు మీటరు చూసి చెప్పకూడదు, రాత్రిళ్లు ఎక్కడ నిలబడిందో అడిగి చెప్పాలి. సముద్రానికి దూరంగా గోపాలపట్నంలో పెరిగిన బండికీ, ఒడ్డు దగ్గర పెదవాల్తేరులో పెరిగిన బండికీ పదేళ్ల తేడా ఉంటుంది. ఇది ఎవరో లెక్కగట్టింది కాదు, బండి కింద పడుకుని చూసి చెబుతున్నాను.

అందరూ ఇంజన్ గురించే భయపడతారు. 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్ అది, టైముకి ఆయిల్ మారిస్తే దానికేమీ కాదు. పోయేదంతా కిందే: ఛాసిస్, బాడీ మౌంటులు, బ్రేక్ పైపులు, కమాన్ పట్టీల బుష్షులు, కాళ్ల కింద రేకు. ఒకసారి మ్యాట్ కింద రేకుని తుప్పు ఎంత తినేసిందంటే, వానలో గుంట దాటగానే మా ఆవిడ చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. "ఏమండీ, కారెక్కి కాళ్లు కడుక్కోవడం మన ఇంట్లోనే చూశాను" అంది. ఆ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయడానికి టింకరింగ్ ఆయన పదకొండు రోజులు తీసుకున్నాడు. నాలుగు రోజులన్నాడు మొదట.

ఆ తర్వాత వేగం అరవై కిలోమీటర్లు దాటితే స్టీరింగు వణకడం మొదలైంది. టైర్లు బ్యాలెన్సింగ్ చేయించాను, మళ్లీ చేయించాను. ఊళ్లో ఒక పెద్ద గ్యారేజీలో కుర్రాడు స్కానర్ తెచ్చి ఎక్కడ పెట్టాలో వెతుకుతున్నాడు, కింద బేరింగు అరిగితే స్కానర్‌కి ఎలా తెలుస్తుంది? ఆటోనగర్‌లో అరవై దాటిన మేస్త్రి ఒకాయన ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఒక్కసారి ఊపి, "కింగ్ పిన్ బేరింగులండి" అన్నాడు, అంటే ముందు చక్రం పక్కలకి తిరిగే కీలులోవి. అంతే. ఇలాంటి చేతులు ఊళ్లో ఇంక ఎన్ని మిగిలాయో. ఆ కుర్రాళ్లనీ అనలేం, వాళ్లకి పని నేర్పే ముందే స్కానర్ చేతికిస్తున్నారు.

సరే, నేను అసలు చెప్పాలనుకున్నది ఫోర్ వీల్ గురించి. ఈ బండిని మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. నాలుగూ లాగాలంటే దిగి, ముందు చక్రాల నడిమధ్యనున్న హబ్బులు రెండూ చేత్తో లాక్‌కి తిప్పాలి, అప్పుడే ఆ చక్రాలు యాక్సిల్‌తో (ఇరుసుతో) కలుస్తాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో చెట్లన్నీ రోడ్డు మీదే. మర్నాడు పొద్దున్న హబ్బులు లాక్ చేసి, లో రేంజిలో (వేగం తగ్గి బలం పెరిగే గేరులో) వేసి, తాడు కట్టి వేపచెట్టు మాను ఒకటి పక్కకి లాగాను. ఆ వారమంతా కాలనీకి మంచినీళ్ల క్యాన్లు తెచ్చింది నా బండే. అప్పటిదాకా "ఆ డొక్కు బండి మా గోడ పక్కన పెట్టకండి" అన్న పక్కింటాయన కూడా పాల ప్యాకెట్ల కోసం దాని ముందే నిలబడ్డాడు. ఆ వారం అయిపోయాక ఐదేళ్లపాటు ఆ హబ్బుల్ని నేను ముట్టుకోలేదు. ఊళ్లో అవసరమేముంది?

2019 అక్టోబరులో నా స్నేహితుడికి అనంతగిరి అవతల ఒక ఏజెన్సీ స్కూల్లో పోస్టింగ్ వచ్చింది. వాడి ఇనప పెట్టె, గ్యాస్ స్టవ్వు, మడత మంచం, పాతిక కిలోల బియ్యం వెనక వేసుకుని నేనూ మా బామ్మర్దీ బయలుదేరాం. శృంగవరపుకోటలో ఇడ్లీ తిని ఘాట్ ఎక్కేదాకా పెళ్లికి పోతున్నట్టే ఉంది. తారు రోడ్డు వదిలి ఎర్రమట్టి దారిలో కొంత దూరం పోయాక చిన్న గెడ్డ (వాగు), గెడ్డ దాటగానే ఎత్తు. రాత్రంతా కురిసిన వానకి ఆ ఎత్తు సబ్బు రుద్దినట్టుంది. బండి సగం ఎక్కి ఆగింది, మెల్లగా వెనక్కి జారింది, పక్కకి తిరిగి గట్టుకి ఆనుకుంది.

నాకు కంగారు లేదు, పైగా లోలోపల సంతోషం. బామ్మర్దికి ఫోర్ వీల్ అంటే ఏమిటో చూపించే రోజొచ్చింది. దర్జాగా దిగి ఎడమ హబ్బు లాక్‌కి తిప్పాను. తిరిగింది. కుడి వైపు వెళ్లాను. తిరగలేదు. కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పాను. ప్లేయరు జారి వేలు కోసుకుంది కానీ హబ్బు కదల్లేదు. ఒకటి పడింది కదా, కనీసం మూడు చక్రాలైనా లాగుతాయిలే అనుకుని ఎక్కి లో రేంజిలో వేశాను. ఇంజన్ గోల పెట్టింది. వెనక చక్రాలు బురద చిమ్మాయి. అంతే.

అప్పటికే గొడ్డలి భుజాన వేసుకుని ఒక ముసలాయన గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. కాసేపు చూసి, "బాబూ, ఎనక సక్రాలే తిరుగుతున్నాయి, ముందువి ఉత్తినే ఉన్నాయి" అన్నాడు. మా బామ్మర్ది అందుకున్నాడు. "బావా, ఫోర్ వీల్ అని తీసుకొచ్చావు, ఇది టూ వీల్ కదా!"

ఆయన చెప్పాకే నాకు బుర్ర పనిచేసింది. ఇంజన్ తిప్పుడుని రెండు చక్రాలకీ పంచే గేర్లని డిఫరెన్షియల్ అంటారు, దాని గుణమే అది, అడ్డు లేని వైపుకే తిప్పుడంతా పోతుంది. కుడి హబ్బు ఫ్రీలో ఉండిపోయింది కాబట్టి ఆ వైపు యాక్సిల్ లోపల ఉత్తినే గిరగిరా తిరుగుతోంది, ఎడమ చక్రానికి బలం రావడం లేదు. ఒక్క హబ్బు పడకపోతే ముందు చక్రాలు రెండూ లేనట్టే. మూడు చక్రాలన్న నా లెక్క తప్పు.

"పంతులుగారి సామానా?" అని అడిగాడు ముసలాయన. అవునన్నాను. లేచి ఎటో వెళ్లిపోయాడు. ఇంకేముంది, పోయాడనుకున్నాం. పావుగంటకి సీసాలో వలిసె నూనె పట్టుకుని వచ్చాడు, వెనక మనవడు. హబ్బు చుట్టూ నూనె పోసి, గొడ్డలి వెనక వైపుతో టిక్కు టిక్కుమని తట్టడం మొదలుపెట్టాడు. నేను విసుగెత్తి గట్టిగా ఒకటి వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "కొడితే పగుల్ద్ది బాబూ. బుజ్జగించాలి." ఇరవై నిమిషాలు బుజ్జగించాడు. చివరికి ప్లేయరుతో పట్టి తిప్పితే టక్కుమంది.

మళ్లీ లో రేంజి, ఫస్ట్ గేరు. యాక్సిలరేటర్ మీద కాలు కూడా పెట్టలేదు. గేదె గెడ్డలోంచి లేచి ఒడ్డెక్కినట్టు, తొందర లేకుండా ఎక్కేసింది. డబ్బులిస్తే ముసలాయన తీసుకోలేదు. జీపు వెనక నిలబడి పై దాకా వస్తానన్నాడు. తాతా మనవడూ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఊళ్లోకి వెళ్లేసరికి పిల్లలంతా బండి వెనకే పరుగు. ఇరవై రెండు లక్షల కారులో తిరిగే మా బామ్మర్ది ఆ తర్వాత జిప్సీని ఒక్క మాట అనలేదు.

ఊరికొచ్చి హబ్బు విప్పిస్తే లోపల గ్రీజు లేదు, ఎర్రటి పొడి ఉంది. ఉప్పుగాలి, ఐదేళ్ల నా బద్ధకం కలిసి చేసిన పని. అప్పటినుంచి నెలకోసారి మట్టి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడుపుతాను. పొడి తారు రోడ్డు మీద మాత్రం వద్దు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు, ఆ తేడా సర్దే డిఫరెన్షియల్ ఈ బండికి మధ్యలో లేదు కాబట్టి గేర్లు బిగుసుకుంటాయి. ఈ ముక్క విని భయపడి కొందరు అసలు వేయడమే మానేస్తారు. వాళ్ల బండ్లు కూడా నా హబ్బులాగే అవుతాయి.

మట్టి రోడ్డు అన్నానని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీదకి తీసుకెళ్లకండి, అది రక్షిత స్థలం. వీడియోల కోసం జీపుల్ని అలల్లోకి దించే కుర్రాళ్లని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఉప్పునీళ్లు ఒక్కసారి హబ్బులోకి, యాక్సిల్‌లోకి వెళ్తే చాలు. పైగా చలికాలం చివర్లో జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఆ ఇసుకలో టైర్ల ఆటలేంటి?

ఖర్చు అడిగారు కదా. నాకు సగటున ఏడాదికి 40 వేలు. రెండేళ్లు పన్నెండు వేలతో గడిచింది, రేకు మార్చిన ఏడాది లక్ష దాటింది. మైలేజీ పది. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 2019లో 600 కట్టాను, 2024లో 5,000. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కారుకి 10,000 చేశారు. అది కాక గ్రీన్ ట్యాక్స్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఒక పూట నిలబడటం. పెట్రోల్‌లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమని లాక్కుంటుంది, పాత రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. పోయినేడు నావన్నీ మార్పించాను.

అయినా కొంటానంటారా? అయితే చూడటానికి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి, రేకుకి అంటుకోని చోట తుప్పుని దాచడానికి పుట్టీ పూసినట్టు. మ్యాట్లు ఎత్తి చూడండి. తర్వాత వంగి రెండు హబ్బులూ మీ చేత్తో తిప్పండి. "అదెందుకండీ, ఊళ్లో ఎప్పుడూ అవసరం రాదు" అని ఓనర్ అన్నాడా, ఆటో పిలుచుకుని ఇంటికొచ్చేయండి.