అమ్మాయి రోడ్ల ఖర్చు లెక్క కడతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి తోట, కొంత వరి చేను ఉన్నాయి. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. హైవే పనుల్లో ఖర్చు అదుపు చేసే ఉద్యోగంలోకి వెళ్తానంటోంది. బంధువులేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటున్నారు. ఆడపిల్ల సైటులో ఎలా ఉంటుందని మాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: పంపండి సార్. ఆ పనిని క్వాంటిటీ సర్వేయింగ్ అనీ, కాస్ట్ ఇంజినీరింగ్ అనీ అంటారు. ఎంత పని అవసరమో ముందే సరిగ్గా లెక్కగట్టి, ఎంత జరిగిందో కొలిచి, అంతకే బిల్లు అయ్యేలా చూడటం ఆ ఉద్యోగం.

దాని విలువ మీ ఊళ్లోనే కనిపిస్తుంది. డెల్టాలో చాలాచోట్ల నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. చుట్టూ వరి చేలే కాబట్టి రోడ్డు కట్టకు మట్టి తవ్వుకునే చోటుండదు. గ్రావెల్ మెట్ట నుంచి లారీల్లో రావాలి. ఆ దూరాన్ని ఎస్టిమేట్లలో లీడ్ అంటారు. ఒక కిలోమీటరు రోడ్డుకు, 10 మీటర్ల వెడల్పున, లెవెల్స్, అంటే నేల ఎత్తుల కొలతలు, 10 సెంటీమీటర్లు తప్పు తీశారనుకోండి. అక్కడే 1,000 క్యూబిక్ మీటర్ల తేడా వస్తుంది. దాన్ని లీడుతో కలిపి లెక్కేస్తే ఎంత ప్రజల సొమ్మో మీరే ఊహించండి.

ఇంకోటి, కాలువలు. కల్వర్టు పునాదులు వేయాలంటే ఎండాకాలం కాలువలు కట్టేసిన ఆ కొద్ది వారాలే సరైన అదను. భూసేకరణో, కరెంటు స్తంభాలు మార్చడమో ఆలస్యమై ఆ అదను తప్పితే, మళ్లీ ఏడాది ఆగాల్సి రావచ్చు. ఈలోగా సిమెంటు, తారు రేట్లు పెరుగుతాయి. ఖాళీగా నిలబెట్టిన యంత్రాలకు పరిహారం ఇవ్వమని కాంట్రాక్టరు అడుగుతాడు. నా దృష్టిలో ఖర్చు చేయి దాటేది ఎక్కువగా ఇలాంటి చోటే, తారు వేసేటప్పుడు కాదు.

2023లో భారత్‌మాల అనే కేంద్ర హైవేల పథకం మీద, ప్రభుత్వ ఖర్చులు ఆడిట్ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. కేంద్రం ఆమోదించిన లెక్క కిలోమీటరుకు 15.37 కోట్ల రూపాయలు. మంజూరైన పనుల సగటు 32.17 కోట్లు. పనికి ముందు రాసే వివరమైన ప్రాజెక్టు నివేదికల (డీపీఆర్‌ల) తయారీలో లోపాలను కూడా ఆ నివేదిక ఎత్తిచూపింది. ఇప్పుడు చాలా హైవే పనులు ఈపీసీ పద్ధతిలో, అంటే డిజైన్, సామగ్రి, నిర్మాణం అన్నీ ఒకే కాంట్రాక్టరుకు, మొత్తం ధరకు ఇస్తున్నారు. ప్రభుత్వం తర్వాత అదనపు పని చేర్చితే దానికి వేరే చెల్లించాలి. అందుకే డీపీఆర్ దశలోనే జాగ్రత్తగా లెక్కగట్టే మనుషులు కావాలి.

ఉద్యోగాలు మూడు వైపుల ఉన్నాయి. నిర్మాణ కంపెనీలు, పనిని పర్యవేక్షించే కన్సల్టెన్సీలు, ఏపీపీఎస్సీ ద్వారా ఆర్ అండ్ బి, పంచాయతీరాజ్ వంటి శాఖల ఇంజినీర్ పోస్టులు. మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు. క్యాంపు ఊరికి దూరంగా ఉంటుంది, ఎండా తప్పదు. ఇవి దాచి మిమ్మల్ని ఒప్పించను. అయితే ఈ పనిలో సగం ఆఫీసులోనే, ఎక్సెల్, డ్రాయింగుల మీద నడుస్తుంది. చేరేముందు క్యాంపులో వసతి, రాకపోకల ఏర్పాటు గురించి కంపెనీని సూటిగా అడగండి. ఎంటెక్ చేయాలనుకుంటే గేట్ రాయొచ్చు. ఫీజు ఎక్కువుండే ప్రైవేటు మేనేజ్‌మెంట్ కోర్సులకు మాత్రం రెండేళ్ల సైటు అనుభవం వచ్చాకే డబ్బు పెట్టండి.

అమ్మాయికి ఒక్క మాట గట్టిగా చెప్పండి. తన కళ్లతో చూడని కొలతకు ఎం బుక్కులో (జరిగిన పని కొలతలు రాసే పుస్తకంలో) సంతకం పెట్టొద్దు. పైవాళ్లు తొందరపెడతారు, "తర్వాత సరిచేద్దాం" అంటారు. ఆడిట్ వచ్చిననాడు ఆ సంతకం తప్ప ఇంకెవరూ పక్కన నిలబడరు.

ఈ ఎండాకాలం కాలువలు కట్టేశాక, దగ్గర్లో కల్వర్టు పని ఎక్కడ జరుగుతోందో కనుక్కుని, అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి అనుమతితో ఓ వారం పంపండి. కాంక్రీటు కొలతలు తనే తీసి, ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ రేట్ల పట్టిక) రేట్లతో ఎస్టిమేట్ కట్టి, ఆయనకు చూపించమనండి. ఎక్కడ తప్పిందో ఆయన చెప్పాక, ఆ కాగితం తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి.