మా అక్కను చికాగో తీసుకెళ్తున్నావట, ఇది చదువు

చిన్నోడా,

ఉద్యోగంలో చేరడానికి పోతూ మీ అమ్మను, అదే మా అక్కను కూడా చికాగో తీసుకెళ్తున్నావని తెలిసినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నీ వయసులో ఇంత బాధ్యత నెత్తిన వేసుకున్నందుకు ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది.

డిసెంబరు 15 తెల్లవారుజామున 4 గంటల ఫ్లైట్ అంటే 14 రాత్రి 9కే ఇల్లు కదలాలి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నైలో ఎయిర్‌పోర్టున్న మీనంబాక్కానికి 4 గంటలు పెట్టుకో. అక్కకు వీల్‌చైర్ ముందే అడుగు, దానికి డబ్బు తీసుకోరు.

అసలు సంగతి ఇది. నాలుగుకు ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకు దిగిపోతామని అక్క సంబరంగా చెప్పింది. ఆ మూడున్నర చికాగో టైమురా! చలికాలంలో వాళ్లు మనకన్నా 11:30 గంటలు వెనక, కాబట్టి ప్రయాణం మొత్తం 23 గంటలు. చెన్నై నుంచి దుబాయ్ దాదాపు 2,900 కిలోమీటర్లు, 4 గంటలు. అక్కడ ఇంకో 4 గంటలు కూర్చోవాలి. ఆ తర్వాత చికాగోకు దాదాపు 11,600 కిలోమీటర్లు, ఎదురుగాలిలో 15 గంటలు ఒకే సీట్లో. రోడ్డు, ఎయిర్‌పోర్టు, ఇమిగ్రేషన్ క్యూ అన్నీ కలిపితే 32 గంటలకు తక్కువ కాదు.

మీ చిన్నాయన మొదటిసారి పోయినప్పుడు ఇట్లాగే టికెట్‌లో ఒక టైములోంచి ఇంకోటి తీసేసి లెక్కేసుకున్నాడు. షుగరు మాత్రల స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి, రెండంటే రెండు మాత్రలు చొక్కా జేబులో వేసుకుని, మిగతావి పెద్ద సూట్‌కేసులో పెట్టాడు. చెన్నైలో ఇచ్చిన ఆ సూట్‌కేసు మళ్లీ చేతికొచ్చేది చికాగోలోనే కదా. దుబాయ్ దాటేసరికి జేబు ఖాళీ. వాళ్లు పెట్టిన తీపి తిన్నాడు, మాత్ర లేదు, నాలుక పిడచకట్టి నీళ్లు నీళ్లు అంటూనే ఉన్నాడంట. ఎవరికి చెప్పాలో తెలియక, చెప్పేందుకు భాష రాక, నోరు మూసుకుని కూర్చున్నాడు మహానుభావుడు. దిగాక ఫోన్‌లో ఆ గొంతు విన్నప్పుడు నా ప్రాణం పోయినంత పనైంది.

అందుకే అక్క బీపీ, షుగరు మాత్రలన్నీ, డాక్టర్ చీటీతో సహా, చేతి సంచీలోనే పెట్టు. మధ్యలో ఏ మాత్ర ఎన్ని గంటలకు వేయాలో డాక్టర్‌నే అడిగి కాగితం మీద తెలుగులో రాయించు, అక్కకు గడియారం మారడం అర్థం కాదు. నడవ పక్క సీటు తీసుకో. గంటా రెండు గంటలకోసారి లేపి నాలుగడుగులు నడిపించు, లేకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. వద్దు, బాగానే ఉన్నానంటుంది, వినొద్దు. మా అక్క చిన్నప్పటి నుంచీ అంతే, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా నాకు జడ వేసి బడికి పంపాకే పడుకునేది.

దుబాయ్‌లో దిగగానే తనతో నాకు ఫోన్ చేయించు. అక్కడ ఆరున్నర అయితే మనకు ఎనిమిది. టిఫిన్ తిన్నదో లేదో, మాత్ర వేసుకుందో లేదో తన నోటితోనే చెప్పాలి.

మీ పిన్నమ్మ