ఎవరికీ అర్థం కాని కోడ్ రాస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. రాత్రిళ్లు కూర్చుని సి భాషలో ఎవరికీ అర్థం కాని ప్రోగ్రాములు రాస్తున్నాడు. అదేంట్రా అంటే "దీనికి అంతర్జాతీయ పోటీ ఉంది నాన్నా" అంటాడు. ల్యాబ్‌లో మేడమ్ రికార్డు వెనక్కి ఇచ్చేశారట. ప్లేస్‌మెంట్ సంగతేంటని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీవాడు కోతలు కోయడం లేదండీ. కావాలనే చిక్కుగా రాసిన సి ప్రోగ్రాములకు పెట్టే ఇంటర్నేషనల్ ఆబ్‌ఫస్కేటెడ్ సి కోడ్ కాంటెస్ట్ 1984లో మొదలైంది. ఆ తొలి ఏడాది గెలిచిన ఒక ప్రోగ్రాంలో సి ప్రోగ్రాం మొదలయ్యే చోటైన మెయిన్ అనే ఫంక్షనే లేదు. ఆ పేరుతో ఒక అంకెల వరుస మాత్రం ఉంది. ఆ అంకెలే మెషిన్ కోడ్, అంటే యంత్రం నేరుగా చదివే ఆదేశాలు, అదీ రెండు రకాల కంప్యూటర్ల మీద నడిచేలా! యంత్రం లోపలి గుట్టు తెలియనివాళ్ల వల్ల అయ్యే పని కాదది.

అయితే మీవాడు తెలిసి రాస్తున్నాడా, ఎక్కడో చూసి దించుతున్నాడా అన్నది తేల్చుకోవాలి. మీకు సి రాకపోయినా పర్వాలేదు, కూర్చోబెట్టి అడగండి. సి లో 010 అని రాస్తే పది కాదు, ఎనిమిది. ఎందుకు? ముందు సున్నా ఉంటే కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) దాన్ని అష్టాంశ సంఖ్యగా, అంటే పదులకు బదులు ఎనిమిదుల లెక్కలో చదువుతుంది. మార్క్స్ అనే వరుసలోంచి ఒక విలువ తీయడానికి మార్క్స్[2] బదులు 2[మార్క్స్] అని తిరగేసినా పనిచేస్తుంది, అదెలా? మార్క్స్ మొదలయ్యే చిరునామాకు 2 కలిపి అక్కడున్నది తీసుకురావడమే ఆ రాతకు అర్థం. కూడికలో ఏది ముందైతేనేం? చివరగా, ఐ = ఐ++ + ++ఐ విలువెంత అని అడగండి (++ అంటే ఐ విలువను ఒకటి పెంచడం). ఇలాంటి ప్రశ్నలు ఇంటర్వ్యూ బిట్ల పుస్తకాల్లో జవాబులతో సహా కనిపిస్తాయి, అవి చూసి నాకు ఒళ్లు మండుతుంది. సి ప్రమాణం ప్రకారం దీనికి ఫలానా జవాబంటూ లేదు. మీవాడు ఆ మాట అంటే నిశ్చింతగా ఉండండి. టకీమని ఒక అంకె చెప్పాడంటే మాత్రం పునాది ఇంకా గట్టిపడాలి.

ఈ సరదాకు దగ్గరి ఉద్యోగాలు రెండు వైపుల ఉన్నాయి. ఒకటి కంపైలర్లు. హైదరాబాద్, బెంగళూరుల్లోని చిప్ కంపెనీలకు ఈ పని తెలిసినవాళ్లు కావాలి. గేట్ సీఎస్ సిలబస్‌లో కంపైలర్ డిజైన్ ఎలాగూ ఉంది, కాబట్టి ఆ చదువు రెండిందాలా పనికొస్తుంది. రెండోది సైబర్ సెక్యూరిటీలో మాల్వేర్ (వైరస్‌ల్లాంటి హానికర ప్రోగ్రాముల) విశ్లేషణ. వైరస్‌లు రాసేవాళ్లు కోడ్‌ను కావాలనే చిక్కులు వేస్తారు, దాన్ని విప్పి చదవడమే అక్కడి పని. అందుకే ఇకమీదట చిక్కులు వేయడంతోపాటు ఇతరులు వేసినవి విప్పి, వివరణ రాయమనండి.

మేడమ్ రికార్డు తిప్పి పంపడం సబబే. ఆఫీసులో ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు దిద్దాలి కదా. ల్యాబ్‌లోనూ, కోడింగ్ రౌండ్లలోనూ శుభ్రంగా రాయమనండి. రెజ్యూమేలో మాత్రం తను రాసిన చిక్కు ప్రోగ్రాం ఒక్కటి, అది ఎలా పనిచేస్తుందో చెప్పే పేజీతో పాటు పెట్టొచ్చు. వివరణ లేకుండా అయితే అసలు పెట్టొద్దు.