డిస్కౌంటు ఇస్తామంటే ఫ్లాటు సొమ్మంతా ముందే కట్టేయొచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇద్దరం టీచర్లం, చేతికొచ్చే జీతాలు కలిపి లక్షా 5 వేలు. రాజమహేంద్రవరంలో దానవాయిపేట దగ్గర స్టిల్టు (పార్కింగ్ కోసం స్తంభాల మీద వదిలే కింది అంతస్తు) మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మొదలవుతోంది. 1,250 అడుగుల ఫ్లాటు, అడుగు 5,200 చొప్పున 65 లక్షలు. పార్కింగ్, జనరేటరు వగైరాలకు ఇంకో 3 లక్షలు. 30 నెలల్లో ఇస్తారట. ఇప్పుడే మొత్తం కడితే అడుక్కి 600 తగ్గిస్తామంటున్నారు. చేతిలో 22 లక్షలున్నాయి. అర ఎకరం కొబ్బరి తోట అమ్మితే 30 లక్షలొస్తాయి. తోట అమ్మి, మిగతాది ఎలాగోలా సర్ది కట్టేయమంటారా?

జవాబు: వద్దండీ. ముందు ఆ 600 లెక్క చూడండి. 1,250 అడుగులకు మీకు తగ్గేది 7.5 లక్షలు. మామూలుగా అయితే సొమ్ము స్లాబు స్లాబుకీ 30 నెలల పాటు కడతారు. ఇప్పుడే 57.5 లక్షలు ఇచ్చేస్తే సగటున 15 నెలలు ముందు ఇచ్చినట్టు. వడ్డీ కింద చూస్తే ఏడాదికి సుమారు 10 శాతం, ఊళ్లో లెక్కన నూటికి నెలకు 85 పైసలు. తెలిసినవాళ్లకైనా ప్రోనోటు లేకుండా రూపాయి లోపు వడ్డీకి అంత సొమ్ము ఇవ్వరు కదా! ఇక్కడ మీరు బిల్డరుకు ఇస్తున్నది సరిగ్గా అలాంటి అప్పే. పని మధ్యలో ఆగితే, మళ్లీ కదిలేదాకా ఆపి పట్టుకోవడానికి మీ చేతిలో వాయిదా కూడా మిగలదు.

చట్టం కూడా ఒప్పుకోదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8కి మించినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు రాకముందు బుకింగ్ తీసుకోకూడదు. నంబరు వచ్చాక కూడా, సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు. కొన్నవాళ్లు కట్టిన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. 'ప్రీ లాంచ్' రేటంటూ తెల్లకాగితం రసీదు ఇచ్చే చోట ఈ రక్షణ ఏదీ పనిచేయదు.

ఇక అసలు ఖర్చు 68 లక్షలతో ఆగదు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు, ధర 45 లక్షలు దాటింది కాబట్టి, జీఎస్టీ 5 శాతం: 3.40 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం: 5.10 లక్షలు. కప్‌బోర్డులు, కిచెన్‌కు 4 లక్షలు వేసుకోండి. మొత్తం 80.5 లక్షలు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి బిల్డరుకిచ్చే ప్రతి వాయిదాలోనూ 1 శాతం టీడీఎస్ పట్టి మీరే ప్రభుత్వానికి జమచేయాలి. బ్యాంకు నేరుగా చెల్లిస్తోంది కదా అని చాలామంది ఇది మరిచిపోతారు, తర్వాత వడ్డీతో సహా నోటీసు వస్తుంది.

ఈ స్థాయి రుణానికి బ్యాంకు 80 శాతం, అంటే 54.4 లక్షలకు మించి ఇవ్వదు. ఆరు లక్షలు అత్యవసరానికి పక్కన పెడితే మీ చేతిలో మిగిలేది 16. కాబట్టి తోట అమ్మకుండా ఈ ఫ్లాటు కుదరదు. అమ్మితే 34.5 లక్షల అప్పు చాలు. 8.5 శాతానికి 20 ఏళ్లయితే ఈఎంఐ 30 వేలలోపు, మీ జీతాలకు భారం కాదు. తోట ఉంచుకోవాలనిపిస్తే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చిన చిన్న ఫ్లాటు చూడండి. దానికి జీఎస్టీ లేదు, 30 నెలలు అద్దె కూడా కట్టక్కర్లేదు. నేనైతే అటే మొగ్గుతాను.

దీన్నే కొంటామంటే అగ్రిమెంటులో మీ పేరున స్థలం వాటా ఎన్ని గజాలో చూసుకోండి. 1,500 గజాల్లో 30 సమాన ఫ్లాట్లయితే మీ వాటా 50 గజాలు. రోడ్డు వెడల్పుకు కొంత పోవచ్చు. కానీ 36 రాశారంటే మిగతాది ఎవరి పేరున ఉందో అడగాల్సిందే. 1,250లో కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల వాడుకునే నేల) ఎంతో అంకెతో రాయించండి. అందులో 900 వస్తే నయమే. ఫ్లాటు నంబరుతో ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) తీయించండి. ప్లాను కోసం మున్సిపాలిటీకి తనఖా పెట్టిన ఫ్లాట్లలో మీది ఉంటే అది విడుదలయ్యేదాకా రిజిస్ట్రేషన్ జరగదు.

సాయిల్ టెస్ట్ రిపోర్టు అడిగి తీసుకోండి. డెల్టాలో నల్లమట్టి నీరు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. పునాది గట్టి పొర దాకా దిగకపోతే గోడలు నెర్రెలిస్తాయి. మెరక చేసిన మట్టి సరిగా దిమ్మిస కొట్టకపోతే ర్యాంపు, డ్రైనేజీ పైపులు కుంగుతాయి. స్టిల్టు మట్టం రోడ్డు కంటే ఎంత ఎత్తో టేపు పెట్టి కొలవండి. గోదావరి వరద పోటు మీదున్నప్పుడు ఊళ్లో నీరు నదిలోకి దిగదు, పల్లపు వీధులు వానకు నిండిపోతాయి. కట్టుబడి లోపాలకు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లు బిల్డరుదే బాధ్యత.

అగ్రిమెంటు రిజిస్టరయ్యేదాకా తోటకు బయానా తీసుకోకండి. బ్యాంకు ముందు మీ వాటా కట్టమంటుంది, దానికి ఆ 16 లక్షలు మొదట వాడండి. తోట సొమ్ము స్లాబులు పడేకొద్దీ ఇవ్వండి, అందాకా డిపాజిట్లో ఉండనివ్వండి. అమలాపురం లాంటి మున్సిపాలిటీ హద్దుకు 2 కిలోమీటర్ల అవతలున్న సాగుభూమి అయితే అమ్మకం మీద పన్ను లేదు. లోపలుంటే అమ్మకానికి ముందే ఆడిటరును కలవండి. ఇంటికి పెట్టే సొమ్ముకు మినహాయింపు ఉంది గానీ, అప్పటికి ఖర్చుకాని మొత్తాన్ని రిటర్ను గడువులోగా క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో (ఈ మినహాయింపు కోసమే బ్యాంకులో తెరిచేది) వేయాలి.