వలస వెళ్ళినవాళ్ళు యూనివర్సిటీల్లో పాత దేశం జెండా ఎందుకు పెట్టుకోవాలి?

పెట్టుకోనివ్వండి, పోయేదేముంది? అసలు గొడవ ఏ జెండా అన్న దగ్గర మొదలవుతుంది.

డాలస్ దగ్గర ఎంఎస్ చేసేటప్పుడు, ఇంటర్నేషనల్ నైట్‌లో మన స్టాల్ పక్కనే వియత్నాం వాళ్ళ స్టాల్. ఆఫీసువాళ్ళు ఎవరినీ అడక్కుండా జెండాల సెట్టు కొనేసి జిమ్ రెయిలింగ్‌కి వరసగా కట్టారు. వియత్నాంకి ఎర్ర జెండా, మధ్యలో పసుపు నక్షత్రం. నా ప్రాజెక్టులో ఉన్న కుర్రాడు హ్యూస్టన్‌లో పుట్టిన వియత్నామీ. మనవడి సింహం డ్యాన్సు చూద్దామని వచ్చిన వాళ్ళ తాతగారు గుమ్మంలోంచి ఆ జెండా చూసి, అటునుంచి అటే వెళ్ళి కార్లో కూర్చున్నారు. ఎంత బతిమాలినా దిగలేదు. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తరాది కమ్యూనిస్టుల చేతిలో పడిపోయాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడవెక్కిన మనిషట. ఒళ్ళో ఒక జెండా మడతపెట్టుకుని ఉన్నారు: పసుపు గుడ్డ, మూడు ఎర్ర చారలు. అది దక్షిణ వియత్నాం జెండా, ఆ దేశం ఇప్పుడు మ్యాపులో లేదు.

లోపలేమో ఇప్పటి వియత్నాం రాజధాని హనోయ్ నుంచి వచ్చిన అమ్మాయి ఏడుపు. “ప్రతి సోమవారం బళ్ళో వందనం చేసిన జెండా ఇది. యుద్ధం అయ్యాక ఎప్పటికో పుట్టాను, నన్నంటారేంటి?” అంటుంది. ఆమె మాటా నిజమే కదా! ఆఫీసు మేడం మాత్రం దేశాల లిస్టు చూపించి, రూల్ ఇదే అని వెళ్ళిపోయింది.

ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో 2006లో ఇదే ఎర్ర జెండా మీద వియత్నామీ అమెరికన్లు నిరసన చేశారు. చివరికి హాల్లో ఉన్న వందకు పైగా దేశాల జెండాలన్నీ దించేశారు! ఇద్దరు పోట్లాడుకున్నారని బంతి మొత్తాన్ని లేపేసినట్టు. కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్ ఊరు 2003లోనే పసుపు జెండాని అధికారికంగా గుర్తించింది. ఒక ఊరికి ఉన్న బుద్ధి ఇంత పెద్ద చదువులవాళ్ళకి లేకపోయింది. పిల్లల పండగకి పిల్లలే జెండా తెచ్చుకుంటారు. రెండొస్తే రెండు టేబుళ్ళు వేయండి.

మనకి ఆ బాధ లేదు, జెండా ఒక్కటే. ఆ ఖాళీలో స్టాల్లో బిర్యానీయా, పావ్ భాజీయా అని వాట్సాప్ గ్రూపులో వారం రోజులు కొట్టుకున్నాం. ఏటా స్టేజీ మీద హిందీ పాటలే, ఒక్క తెలుగు పాట పెట్టమంటే “ఎవరికర్థమవుతుంది” అంటారు. 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్యగారి పేరు ఆ స్టాల్లో నిలబడ్డ తెలుగు పిల్లల్లో సగం మందికి తెలియదు.

ఇంకోటి. మనదేశంలో మామూలు మనిషి ఏడాది పొడుగునా జెండా ఎగరేసుకునే వీలు 2002లో గానీ రాలేదు. దానికోసం కోర్టుకెక్కిన పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ ఎంబీఏ చేసింది డాలస్‌లోనే. అమెరికావాళ్ళు ఎక్కడపడితే అక్కడ జెండా కట్టుకోవడం చూసి వచ్చి, ఇక్కడ తన ఫ్యాక్టరీ మీద ఎగరేస్తే అధికారులు అడ్డుపడ్డారు. ఆయన వదల్లేదు. అది పౌరుడి హక్కేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. “అక్కడ జెండా ఎందుకు” అనేవాళ్ళు ఆగస్టు పదిహేనునే కాక ఏ రోజైనా తమ బాల్కనీకి జెండా కట్టుకోగలిగేది ఆ పోరాటం పుణ్యమే.