పావులు వాటంతట అవే కదిలే చదరంగం బల్ల: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుగా, కింద మోటార్లతో తిరిగే అయస్కాంతం పైనున్న పావులను లాగే ఈ బల్ల చేస్తున్నాం. గడి 40 మి.మీ. పావులు బజార్లో కొన్నవే, అడుగు వెడల్పు 28 మి.మీ. ఏనుగులు, శకట్లు బాగానే వెళ్తున్నాయి. గుర్రం కదిలితే మాత్రం పక్క బంట్లను తోసేస్తోంది. ప్రోగ్రాంలో ఏం మార్చాలి? (వరంగల్)

జవాబు: ప్రోగ్రాం జోలికి వెళ్లకండి. తేడా పావుల అడుగులో ఉంది. గుర్రం బి1 నుంచి సి3కి వెళ్లాలంటే ముందు సగం గడి పక్కకు జరగాలి, బి, సి వరుసల మధ్య గీత మీదుగా రెండు గడులు ముందుకు నడవాలి, మళ్లీ సగం గడి జరిగి సి3లో నిలవాలి. గీత మీద ఉన్నప్పుడు దాని మధ్యబిందువుకీ పక్క బంటు మధ్యబిందువుకీ దూరం సరిగ్గా సగం గడి. మీ బల్లలో అది 20 మి.మీ. రెండు పావులూ రాసుకోకుండా పోవాలంటే 14+14, అంటే 28 మి.మీ. కావాలి. ఎలా పడుతుంది? శకటుకు ఈ ఇబ్బంది లేదు. ఐమూలగా వెళ్లేటప్పుడు పక్క గడుల మధ్యబిందువులు 28 మి.మీ. పైచిలుకు దూరంలో ఉంటాయి, అందుకే అంచుకు అంచు తగలకుండా బయటపడుతోంది.

కాబట్టి అడుగు వెడల్పు సగం గడి కంటే కనీసం 3 మి.మీ. తక్కువ ఉండాలి. 50 మి.మీ. గడికి 22 మి.మీ. అడుగు సరిపోతుంది. మీ 40 గడికి 17 మి.మీ. అడుగు పెడితే రాజు, మంత్రి నిలకడగా నిలవవు. గడి పెంచడమే మేలు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ప్రమాణం ప్రకారం టోర్నీ రాజు ఎత్తు సుమారు 9.5 సెం.మీ., అడుగు అందులో 40 నుంచి 50 శాతం, గడి 5 నుంచి 6 సెం.మీ. ఆ పావులు ఏవీ ఈ పనికి రావు. త్రీడీ ప్రింట్ చేయించుకోండి, అడుగున బరువు ఉండేలా చూసుకోండి.

చచ్చిన పావులకు చోటు కూడా ఇప్పుడే లెక్కేసుకోండి. ఒక్కో పక్షానికి గరిష్ఠంగా 15 పావులు పోతాయి. బల్లకు ఇరువైపులా రెండేసి వరుసలు పెడితే పక్కకు 16 చోట్లు వస్తాయి. పదహారో చోట్లో బంటు చివరి గడికి చేరినప్పుడు కావలసిన అదనపు మంత్రిని ఉంచొచ్చు. 50 మి.మీ. గడితో మొత్తం కదలిక 600×400 మి.మీ. అవుతుంది. రెండు నెమా 17 సైజు స్టెప్పర్ (అంచెలంచెలుగా తిరిగే) మోటార్లు, జీటీ2 పళ్ల బెల్టు, 20 పళ్ల పుల్లీ చాలు. మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు, మోటారును నడిపే డ్రైవరు బోర్డులో ఒక్కో స్టెప్పుకు 16 మైక్రోస్టెప్పులు, పుల్లీ ఒక చుట్టుకు 40 మి.మీ. అంటే మి.మీ.కి 80 స్టెప్పులు. ఏ4988 డ్రైవరు వాడితే బోర్డు మీది సెన్స్ రెసిస్టర్ (కరెంటును కొలిచే నిరోధం) విలువ చూసి వీరెఫ్ (కరెంటు హద్దును నిర్ణయించే వోల్టేజి) పెట్టండి: 0.1 ఓం అయితే 0.8 ఆంపియర్లకు 0.64 వోల్టులు. చాలామంది ఆ రెసిస్టర్ చూడకుండా నెట్‌లో దొరికిన అంకె పెట్టేస్తారు. ఆ తర్వాత మోటారు స్టెప్పులు తప్పినా, చేయి పెట్టలేనంత వేడెక్కినా కారణం అదే.

పావు ఎప్పుడూ అయస్కాంతం వెనక కాస్త ఈడ్చుకుంటూ వస్తుంది. గడి మధ్యలో ఆపితే ఒకట్రెండు మి.మీ. వెనకే ఆగిపోతుంది. ఎంత వెనకబడుతోందో స్కేలుతో కొలిచి, అంతే దూరం ముందుకు పోనిచ్చి వెనక్కి తెచ్చి వదలండి. పావుతో ఉన్నప్పుడు వేగం సెకనుకు 100 మి.మీ. దాటించొద్దు. అసలు ఇబ్బంది వేగం కంటే దాన్ని ఒక్కసారిగా అందుకోవడం. కుదుపుకు పావు అక్కడే ఉండిపోతుంది, అయస్కాంతం ఒంటరిగా వెళ్లిపోతుంది.

కొట్టే ఎత్తుల్లో ముందు చచ్చిన పావును బయటికి పంపాలి, తర్వాతే కొట్టిన పావును కదపాలి. ఆన్ పాసాన్‌లో (రెండు గడులు దూకిన బంటును పక్క బంటు దారిలోనే కొట్టే ఎత్తులో) చచ్చే బంటు చేరే గడిలో ఉండదు, ఆ సంగతి విడిగా రాయాలి. క్యాస్లింగ్‌లో (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరిగేటప్పుడు) ముందు రాజు, తర్వాత ఏనుగు ఒకటి, రెండు వరుసల మధ్య గీత మీదుగా రాజును దాటుకుని రావాలి.

ప్రశ్న: ఎలక్ట్రోమాగ్నెట్‌కు కరెంటు ఆపేసినా కింద నుంచి వెళ్తుంటే దారిలోని పావులు కదిలిపోతున్నాయి. లీకేజీ ఉందా? (రాజమహేంద్రవరం)

జవాబు: లీకేజీ కాదు. కరెంటు లేకపోయినా లోపలి ఇనుప కడ్డీ అక్కడే ఉంటుంది, పావు అడుగునున్న నియోడిమియం బిళ్ల (బలమైన శాశ్వత అయస్కాంతం) దాన్ని తనే లాగుతుంది. ఖాళీగా వెళ్లేటప్పుడు గడుల మధ్యబిందువుల కిందుగా కాకుండా గీతల వెంబడి నడిపితే చాలావరకు తగ్గుతుంది. పావు అడుగున ఫెల్ట్ గుడ్డ అంటించండి, రాపిడి పెరుగుతుంది.

మా సలహా మాత్రం వేరు. ఎలక్ట్రోమాగ్నెట్ వదిలేసి, శాశ్వత అయస్కాంతాన్ని చిన్న సర్వో మోటారుతో పైకీ కిందికీ కదిలించండి. దించినప్పుడు 15 మి.మీ. దూరం ఉంటే పావుకు దాని ఊసే తెలియదు. వేడి ఉండదు, కరెంటు ఖర్చు తక్కువ. ఎలక్ట్రోమాగ్నెట్ మీద రాసిన 5 కిలోలు మందపాటి ఇనుప పలకకు పూర్తిగా ఆనించినప్పటి లెక్క. మధ్యలో 4 మి.మీ. చెక్క వస్తే అందులో స్వల్పమే మిగులుతుంది. అయినా అదే వాడతానంటే కాయిల్‌కు అడ్డంగా డయోడ్ తప్పక పెట్టండి. లేకపోతే ఆపిన ప్రతిసారీ వచ్చే వోల్టేజి దెబ్బకు కాయిల్‌ను ఆన్, ఆఫ్ చేసే మాస్‌ఫెట్ పోతుంది. ఇంకొకటి: 32 పావుల బిళ్లలూ ఒకే ధ్రువం కిందికి ఉండేలా అంటించండి. ఒక్కటి తిరగబడినా ఆ పావును అయస్కాంతం పట్టుకోదు, నెట్టేస్తుంది.

ప్రశ్న: ప్రతి గడి కింద సరిగ్గా మధ్యలో రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునేది) పెట్టాం. పావు మధ్యలో ఉంటే పనిచేయదు, కాస్త జరిపితే పనిచేస్తుంది! (కర్నూలు)

జవాబు: నిలువు ధ్రువాలున్న బిళ్ల, పడుకున్న రీడ్ స్విచ్ నడిమికి పైన ఉంటే రెండు రేకులూ ఒకే ధ్రువం పొందుతాయి. ఒకదాన్నొకటి లాగవు, స్విచ్ మూసుకోదు. స్విచ్‌ను పక్కకు జరిపి, దాని ఒక కొన గడి మధ్యకు వచ్చేలా పెట్టండి. కింది అయస్కాంతం వెళ్తున్నప్పుడూ స్విచ్‌లు మూసుకుంటాయి కనుక, అయస్కాంతాన్ని మోసే క్యారేజీ ఒక మూలకు చేరి ఆగాకే ఆటగాడి ఎత్తు చదవాలి. ఏ పావో స్విచ్‌కు తెలియదు, పావు ఉందో లేదో అంతే. ఏ గడిలో ఏముందో మొదటి ఎత్తు నుంచీ ప్రోగ్రామే గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: ఇది కొత్త ఆవిష్కరణేనా? (తెనాలి)

జవాబు: కాదు. అమెరికా కంపెనీ మిల్టన్ బ్రాడ్లీ 1983లోనే గ్రాండ్‌మాస్టర్ పేరుతో ఇలాంటి బల్ల అమ్మింది. మన దేశంలో ముంబైలో మొదలైన స్క్వేర్ ఆఫ్ 2016లో కిక్‌స్టార్టర్ ద్వారా జనంలోకి వచ్చింది.

ప్రశ్న: కొన్న బల్ల మీద ఏడాదికే పావులు మధ్యలో ఆగిపోతున్నాయి. క్యారమ్ పౌడర్ చల్లొచ్చా? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. (హైదరాబాద్)

జవాబు: చల్లకండి. ఒకచోట జారుడు, ఒకచోట పట్టు వచ్చి పావు ఇంకా తప్పుతుంది. సందుల్లోంచి దిగిన పొడి బెల్టుకు పడుతుంది. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ప్రతి పావునూ తిరగేసి చూడండి. ఫెల్ట్ ఊడినా, జిగురు బయటికొచ్చినా అదొక్కటే అతుక్కుంటుంది. పూర్తిగా ఛార్జి చేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పుడూ అన్ని పావులూ ఒకే వైపు తప్పుతుంటే బెల్టు వదులైందని అర్థం, సర్వీసుకు ఇవ్వండి.

పాప విషయం అన్నిటికంటే ముందు. అడుగు ఊడిన పావును ఆ రోజే తీసేయండి. రెండు నియోడిమియం బిళ్లలు మింగితే అవి పేగుల గోడలను మధ్యలో పెట్టుకుని అతుక్కుంటాయి, రంధ్రం పడుతుంది. మింగిందన్న అనుమానం వచ్చినా కడుపునొప్పి కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: విజయవాడలో నాన్నగారు, ఇక్కడ నేను. సొంతంగా చేసిన బల్లలతో ఇద్దరం ఆడుకోవచ్చా? (డాలస్)

జవాబు: ఆడుకోవచ్చు. ఆన్‌లైన్‌లో చదరంగం ఆడించే లీచెస్ సైటు ఇలాంటి బల్లల కోసమే బోర్డు ఏపీఐ (బల్ల ప్రోగ్రాంను సైటుతో కలిపే మార్గం) ఉచితంగా ఇస్తోంది. ఇద్దరూ ఖాతాలు తెరిచి, ఆట అనుమతితో టోకెన్ (ప్రోగ్రాంకు ఇచ్చే రహస్య తాళం) తీసుకుని, ఒకరినొకరు ఛాలెంజ్ చేసుకోండి. తెలియని ప్రత్యర్థుల కోసం వెతికితే ర్యాపిడ్ లేదా అంతకంటే నిదానమైన ఆటలే దొరుకుతాయి. మీ ఇద్దరికీ చెరో 30 నిమిషాల ఆట బాగుంటుంది. చచ్చిన పావును తీసి, గుర్రాన్ని తిప్పి నిలపడానికి బల్లకు పది సెకన్లు పట్టొచ్చు, ఆ సమయం గడియారంలోంచే పోతుంది. వేళ కుదరకపోతే కరస్పాండెన్స్ ఆట పెట్టుకోండి, ఎత్తుకు ఒకటి రెండు రోజుల గడువు ఉంటుంది.